బల్ల అవతలి పొరుగువాడు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు ప్రత్యేక సంచికకు ఒక్కొక్క మతం వారిచేత ఒక్కొక్క ప్రసంగం చేయించాలని మన కార్యదర్శిగారు తలపెట్టారు. నన్ను పిలిచి, "పొరుగువాణ్ణి ప్రేమించడం గురించి మీ లూథరన్ వాళ్ళు ఏమంటారో చెప్పండి" అన్నారు. నేను పాదిరిని కాను. 1973 నుంచి 2007 దాకా ఫైళ్ళు రాసిన గుమాస్తాను. కనుక నా ప్రసంగంలో దైవజ్ఞానం కంటే ఆఫీసు వాసనే ఎక్కువ ఉంటే మన్నించాలి.

గుంటూరు వారికి లూథరన్ అనే మాట కొత్త కాదు. మీలో చాలామంది ఎ.సి. కాలేజీలో చదివారు. కొందరి పిల్లలు కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టారు. ఆ ఆసుపత్రికి ఆ పేరు తెచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి ఇక్కడికి వచ్చి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమెకంటే ముందు, 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన హయ్యర్ దొరగారు ఈ పనికి ఆద్యులు. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళినవారు. ఆయన గురించి పెన్షనర్లు తెలుసుకోదగ్గ విషయం ఒకటుంది. పనంతా ముగించి తిరిగి వెళ్ళిపోయినవారు, రాజమండ్రి మిషను చేయిజారిపోతుందని విని, 1869లో మూడవసారి ఓడెక్కి వచ్చారు. అప్పటికి ఆయనకు డెబ్బయి ఆరేళ్ళు. ఇప్పుడు నాకూ డెబ్బయి ఆరే. నేను మేడ మెట్లెక్కడానికే ఆలోచిస్తున్నాను.

ఇక మార్టిన్ లూథరు సంగతి. 1517 అక్టోబరు 31న ఆయన తొంభై అయిదు వాదాంశాలు ప్రకటించడం, పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఎదిరించడం మీరు చరిత్ర పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆయన బోధలో నాకర్థమైనంత మేరకు సారాంశమిది. మనిషి తన పుణ్యకార్యాల లెక్క చూపించి దేవుని దగ్గర ఏదీ సాధించలేడు. దేవుడు కృపతో ఇస్తాడు, మనిషి విశ్వాసంతో పుచ్చుకుంటాడు. మరి మంచిపనులెందుకు? అవి దేవునికి అక్కరలేదు, పొరుగువాడికి కావాలి. 1520లో క్రైస్తవుని స్వేచ్ఛ గురించి రాసిన చిన్న పుస్తకంలో ఆయన వాదమంతా ఇదే ధోరణిలో సాగుతుంది. మన భాషలో చెప్పాలంటే, మంచిపనుల టపా పై ఆఫీసుకు పంపవలసింది కాదు, పక్క బల్లకు అందించవలసింది.

ఈ మాట సామాన్యుడికి అందాలంటే గ్రంథం వాడి భాషలో ఉండాలి. అందుకని లూథరు కొత్త నిబంధనను జర్మను భాషలోకి తెచ్చి 1522లో అచ్చువేయించారు. పూర్తి బైబిలు 1534లో వచ్చింది. ఇంట్లో తల్లులు, వీధిలో పిల్లలు, సంతలో మనుషులు ఎలా మాట్లాడతారో చెవి ఒగ్గి వినమని అనువాదకులకు ఆయన సలహా. ఆ పట్టుదల మన తెలుగుకూ మేలు చేసింది. బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ పాదిరి మద్రాసులో తెలుగు నేర్చుకొని బైబిలును తెలుగు చేశారు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు గాని, ఆయన తెలుగు చేసిన ఇతర భక్తి పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయ్యాయి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవేనని పండితులంటారు.

ఇంతవరకు చదివి తెలుసుకున్నది చెప్పాను. ఇకమీదట చెప్పబోయేది నా సొంత సంగతి.

1988లో నేను ఒక కార్యాలయంలో పెన్షను సెక్షను సీనియర్ అసిస్టెంటును. ఆ ఆఫీసు పేరు అనవసరం, తప్పు ఆఫీసుది కాదు. చనిపోయిన ఒక అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షను ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒక తీరున, వారసత్వ సర్టిఫికెట్టులో మరో తీరున ఉంది. ఒకచోట పేరు ముందు 'వెంకట' ఉంది, మరొకచోట లేదు. కొర్రీ వేశాను. న్యాయమైన కొర్రీయే. అది సరిచేసుకొని వచ్చాక ఫొటో మీద అటెస్టేషను సరిగా లేదని రెండో కొర్రీ వేశాను. ఆ తరువాత పుట్టినతేదీ గురించి మూడోది. మూడూ మొదటిరోజే నాకు కనబడ్డాయి. ఒకే కాగితం మీద రాసి ఉంటే ఆమె ఒకేసారి తెచ్చుకునేది. ఎందుకు రాయలేదని అడిగితే ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు. చేతిలో పని ఎక్కువగా ఉంది. ఒక కొర్రీ వేస్తే ఆ ఫైలు నెలరోజులు నా బల్ల దిగి పోతుంది. ఈ సుఖం తెలిసినవాళ్ళు ఈ హాలులో మరికొందరు ఉండవచ్చు.

ఆమె రెండు బస్సులు మారి వచ్చేది. వచ్చినప్పుడల్లా "రేపు నెల రండమ్మా" అనేవాణ్ణి. అమర్యాదగా ఎన్నడూ మాట్లాడలేదు. చేయి చాచలేదు, ఆమె ఇవ్వబోయినా పుచ్చుకోలేదు. అది నాకు గర్వంగా కూడా ఉండేది. ప్రతి ఆదివారం గుడిలో వాక్యపఠనం చేసే పెద్దమనిషిని కదా!

ఆ రోజుల్లో మా పెద్దమ్మాయి నిర్ధారణ తరగతికి వెళుతోంది. లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిని మా పిల్లలు కంఠస్థం చేసి అప్పజెప్పాలి. ఊళ్ళలో జనానికి, కొన్నిచోట్ల బోధకులకు కూడా మూలవిషయాలే తెలియవని కళ్ళారా చూసి, ఇంటి యజమాని తన వాళ్ళకు నేర్పడానికని ఆయన రాసిన పుస్తకమది. ఒక రాత్రి దొంగిలించకూడదన్న ఆజ్ఞకు వివరణ ఒప్పజెప్పించుకుంటున్నాను. అది మా లెక్కలో ఏడవది. మిగతా ప్రొటెస్టెంటు సంఘాలు చాలావరకు దాన్ని ఎనిమిదవదిగా లెక్కిస్తాయి. వరస నంబరు తేడా వచ్చినా విషయం ఒకటే. పొరుగువాడి సొమ్ము తీసుకోకపోవడంతో ఆ ఆజ్ఞ తీరిపోదని, అతని ఆస్తిని, జీవనాధారాన్ని కాపాడుకోవడానికి, బాగుచేసుకోవడానికి మనం తోడ్పడాలని ఆ వివరణ చెబుతుంది. మా అమ్మాయి ఆ రెండో భాగం దగ్గర తడబడింది. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ తడబడింది. మూడోసారి సరిగా చెప్పిందట. నేను వినలేదు. "నాన్నా, అయిపోయింది" అని పిల్ల భుజం తడితే ఉలిక్కిపడ్డాను.

మర్నాడు ఉదయం ఫైలు తీశాను. ఉన్న కాగితాలతోనే పని జరగడానికి వీలుందని నోటు పెట్టి, సూపరింటెండెంటుగారి దగ్గర నిలబడి సంతకం చేయించాను. మంజూరయింది. కాని ఆ లోపల పద్నాలుగు నెలలు గడిచాయి. బకాయిల చెక్కు అందిన రోజు ఆమె నా దగ్గరికి వచ్చింది. వేరుశనగకాయల సంచీ ఒకటి బల్ల పక్కన పెట్టి, దండం పెట్టి, మాటల మధ్య చెప్పింది. పాడిగేదెను అమ్మేశారట. తొమ్మిదో తరగతి చదువుతున్న కొడుకు బడి మానేసి మిల్లులో చేరాడట. "మీ చలవవల్ల ఇప్పుడు పర్వాలేదు బాబూ" అంది. నేను సంచీ తిరిగి ఇచ్చేశాను గాని, ఆ ఆలస్యం నావల్లే జరిగిందమ్మా అని మాత్రం చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఈ సంగతి మా ఇంట్లో వాళ్ళు కూడా ఇవాళే వింటున్నారు.

ఏసుప్రభువు చెప్పిన మంచి సమరయుని కథ మీకందరికీ తెలిసినదే. యెరూషలేము నుంచి యెరికో వెళ్ళే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు పక్కగా వెళ్ళిపోతాడు. లేవీయుడూ అంతే. పరాయి జాతివాడైన సమరయుడు ఆగి, గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, రెండు దేనారాలు అడ్వాన్సుగా కట్టి, మిగిలిన ఖర్చు తిరుగు ప్రయాణంలో ఇస్తానంటాడు. ఆ యాజకుడికీ లేవీయుడికీ ఏదో నిబంధన అడ్డువచ్చి ఉంటుందని ఆఫీసులో పనిచేసిన నాకు అనిపిస్తుంది. మన తెలుగులో 'ఇరుగుపొరుగు' అంటే గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. ఆ కథలో పొరుగుతనానికి గోడల ప్రమేయం లేదు. నా విషయంలో ఆమె బల్ల అవతల కూర్చుంది, అంతే.

పదవిలో ఉన్నవాడి సంగతి లూథరు మరోచోట సూటిగా రాశారు. 1527లో ఆయన ఉన్న విట్టెన్‌బర్గు ఊరికి ప్లేగు వచ్చింది. విశ్వవిద్యాలయాన్ని యేనా ఊరికి తరలించారు. ఆయనను కూడా వెళ్ళిపొమ్మన్నారు. భార్య కాతరీన గర్భవతి. అయినా వెళ్ళలేదు. ఇంట్లోనే రోగులను ఉంచుకొని చూశారు. అంటురోగం వస్తే పారిపోవచ్చునా అని అడిగిన మరో ఊరి బోధకులకు ఆ రోజుల్లోనే జవాబు రాశారు. బోధకుడు, అధికారి, వైద్యం చేసేవాడు, ఇంకొకరి బాధ్యత మీద వేసుకున్నవాడు తన బదులు మనిషి లేకుండా వెళ్ళకూడదు. మిగిలినవారు వెళ్ళినా తప్పులేదు. మందు తీసుకోండి, ఇల్లు శుభ్రం చేసుకోండి, అవసరం లేనిచోటికి వెళ్ళి అంటించుకోవద్దు, అంటించవద్దు. ఇదీ ఆ జవాబు సారాంశం. 2020లో మా గుడిలో దీని గురించి విన్నప్పుడు ఆశ్చర్యపోయాను. 2021లో మన సంఘం సభ్యుల రిజిస్టరులో పేర్లు కొట్టివేసే పని నాకే పడింది. ఆ పేర్లకు ఎదురుగా తేదీ వేస్తున్నప్పుడల్లా, వారిలో ఎందరి ఇంటికి కనీసం ఫోనైనా చేశానని లెక్క చూసుకునేవాణ్ణి. లెక్క తక్కువగానే తేలింది.

లూథరును పొగిడి కూర్చుంటే నిజం పూర్తికాదు. పొరుగువాడి గురించి ఇంత రాసిన మనిషే 1543లో యూదులను గురించి క్రూరమైన పుస్తకం రాశారు. వారి ప్రార్థనా మందిరాలు తగులబెట్టమన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో నాజీలు ఆ రాతలను వాడుకున్నారు. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో ఆ మాటలను బాహాటంగా తిరస్కరించి విచారం ప్రకటించింది. మా వాళ్ళలో కొందరు ఈ ప్రస్తావన ఎందుకంటారు. ఫైలులో ఒక కాగితం దాచిపెడితే ఏమవుతుందో నాకు తెలుసు కనుక చెబుతున్నాను. గ్రంథాన్ని ఇంటి భాషలోకి తెచ్చినవాడికే తన దేశంలో ఉన్న పొరుగువాడు కనబడలేదు.

కాలం మించుతోందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవి చేసి ముగిస్తాను. మనలో ఎనభై దాటిన వారికి, ముఖ్యంగా ఫ్యామిలీ పెన్షను మీద ఉన్న ఆడవారికి ఏటా లైఫ్ సర్టిఫికెట్టు వేళకు వేలిముద్రలు యంత్రంలో పడడం లేదు. అంట్లు తోమీ, పొలం పని చేసీ గీతలు అరిగిపోయాయి. ఫోనులో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది. దాన్ని మా మనవడు నాకు నేర్పాడు. నిరుడు పదకొండుమందికి వారి ఇళ్ళకు వెళ్ళి చేశాను. మంచం దిగలేని సభ్యులు ఇంకా ఉన్నారు. వారి చిరునామాలు కార్యదర్శిగారి దగ్గర నమోదు చేయించండి. ఏయే కాగితాలు కావాలో అన్నీ ఒకే చీటీ మీద రాసి ముందుగానే పంపిస్తాను. స్కూటరు నడపగలిగినవారు ఒకరిద్దరు తోడు వస్తే ఈసారి పని త్వరగా తెములుతుంది.