రాయించని చావు లెక్కలోకి రాదు
(కోడుమూరులో వ్యవసాయ కూలీల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన గేరిలో ఒకక్క బుడ్డల చేలో కలుపు తీస్తా పాముకాటుకు చనిపోయింది. "ఎండకు సొమ్మసిల్లింది" అన్నాడు ఆసామి. కాలి మీద కాట్లు అందరం చూసినాం. చదువుకున్నోళ్లం మేమూ అక్కడే ఉన్నాం. అయినా రాయించలేదు, సాయంత్రానికే పూడ్చినాం. తర్వాత సాయం కోసం తిరిగితే పోయినచోటల్లా ఒకటే మాట: "పంచనామా ఏదీ? పోస్టుమార్టం రిపోర్టు ఏదీ?"

ఇది ఒక్క గేరి కత కాదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. ఎక్కువమంది పల్లెవాళ్లే. ఆ లెక్క ఆస్పత్రి రిజిస్టర్లలో దొరికింది కాదు, ఇండ్లకు పోయి అడిగితే తేలింది. పాముకాటు కేసులన్నీ తప్పక నమోదయ్యేట్టు చూడమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది 2024 నవంబరులో!

ఫ్యాక్టరీలో చెయ్యి తెగితే రాసేదానికి రిజిస్టరుంది, అడిగేదానికి ఇన్‌స్పెక్టరున్నాడు. నూర్పిడి మిషన్లో చెయ్యి పోయినా, పత్తికి మందు కొడతా పడిపోయినా చేలో ఏ రిజిస్టరూ లేదు. "తాగి పడినాడు" అని ఆసామి అంటే అదే లెక్క. భూమీ వాళ్లదే, మాటా వాళ్లదే.

అందుకే మన పుస్తకం మనమే పెట్టుకుందాం. ప్రతి గేరిలో చదువుకున్న పిల్లలు రాయాలి: తేదీ, వేళ, చేను ఎవరిది, ఎవరు పిలిస్తే పోయినారు, ఏం పని, చూసినోళ్లెవరు. పురుగుమందైతే డబ్బా దాచిపెట్టండి. పాము కరిస్తే మంత్రాలంటూ పొద్దు పోగొట్టక వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. చీటీలో "చేలో పని చేస్తుండగా" అని రాయమని అడగండి. మనిషి పోతే పూడ్చకముందే పోలీసులకు తెలపండి. జంతువు వల్ల, యంత్రం వల్ల, ప్రమాదంలో పోయినా శవపంచనామా జరపాలని చట్టమే చెబుతోంది. అది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 174వ సెక్షను. 2024 జులై నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 194. ఇచ్చిన అర్జీకి నకలు దగ్గర పెట్టుకోండి.

"ఆసామికి కోపమొస్తే రేపు కూలికి పిలవడు" అంటారు. నిజమే, ఒక్కరు రాయిస్తే ఆ ఒక్కర్నీ పిలవడు. గేరంతా రాయిస్తే ఎవర్ని మానుకుంటాడు? కలుపు ఎవరు తీస్తారు?

మొదటి పేజీలో ఆ అక్క పేరు రాద్దాం. ఎట్లా చనిపోయిందో ఉన్నదున్నట్టు రాద్దాం. ఆమెకు మనం బాకీ ఉన్నాం.

జై భీమ్!