నవ్విస్తూనే నిలదీసిన సినిమా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీకు నచ్చిన విషయం మీద పది నిమిషాలు మాట్లాడవయ్యా" అని మన కార్యదర్శి గారు ఫోన్ చేశారు. ఎలక్ట్రికల్ ఇంజనీరు కదా, ట్రాన్స్‌ఫార్మర్ల గురించో కరెంటు బిల్లుల గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను సినిమా గురించి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మన స్కూలుకేమైనా సంబంధం ఉందా?" అన్నారు. "ఉందండీ, చివర్లో చెబుతాను" అన్నాను.

ఆ సినిమా 'లగే రహో మున్నాభాయ్'. 2006 సెప్టెంబరు 1న విడుదలైంది. అప్పుడు ఉద్యోగరీత్యా పుణెలో ఉన్నాను. మొదటి వారంలో ఒకసారి, రెండో వారంలో ఇంట్లోవాళ్ళతో మరోసారి చూశాను. ఆ తర్వాత టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మీలో చాలామంది దీన్నే 2007లో చిరంజీవి, శ్రీకాంత్‌లతో ప్రభుదేవా తీసిన 'శంకర్‌దాదా జిందాబాద్'గా చూసి ఉంటారు. రెండింట్లోనూ గాంధీ వేషం దిలీప్ ప్రభావల్కర్‌దే. హిందీ సినిమాకి ఆయనకు ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది.

ఆడిన సినిమాకి రెండో భాగం తీయడం కష్టమైన పని. ఒక అంతస్తుకే లెక్కగట్టిన పునాది మీద ఇంకో అంతస్తు లేపితే ఏమవుతుందో సివిల్ వాళ్ళని అడగండి. రాజ్‌కుమార్ హిరాణీ ఆ పని చేయలేదు. పక్క స్థలంలో కొత్త పునాది తీశాడు. మొదటి సినిమాలోని మెడికల్ కాలేజీ గానీ, ఆ కథానాయిక గానీ ఇందులో కనపడరు. అందులో కాలేజీ డీన్‌గా వేసిన బొమన్ ఇరానీ ఇందులో లక్కీ సింగ్ అనే బిల్డర్. మనకు మిగిలింది మున్నా, సర్క్యూట్, వాళ్ళ స్నేహం. సంజయ్ దత్, అర్షద్ వార్సీ పక్కపక్కన నిలబడితే చాలు, కథ ఎక్కడ మొదలుపెట్టినా మనం వాళ్ళ వెంట నడుస్తాం.

కథ మొదలయ్యేదే అబద్ధంతో. రేడియోలో వినిపించే జాహ్నవి గొంతుని మున్నా ప్రేమిస్తాడు. గాంధీ జయంతి రోజు క్విజ్ గెలిస్తే ఆమెను కలవొచ్చు. సర్క్యూట్ వెళ్ళి ప్రొఫెసర్లని ఎత్తుకొచ్చి కుర్చీలకు కట్టేసి జవాబులు రాబడతాడు. మున్నా గెలుస్తాడు. తాను చరిత్ర ప్రొఫెసర్నని ఆమెతో చెప్పేస్తాడు. ఆమె ఇంట్లో ఉండే వృద్ధులకి గాంధీ గురించి ఉపన్యాసం ఇమ్మంటుంది. ఇక దారి లేక లైబ్రరీకి పోయి రాత్రీ పగలూ చదువుతాడు. అప్పుడు కనిపిస్తారు గాంధీ. మున్నాకి తప్ప ఎవరికీ కనపడరు.

నాకు బాగా నచ్చిన తెలివి ఇక్కడే ఉంది. సినిమా చివర్లో ఒక డాక్టరు అందరి ముందూ మున్నాని పరీక్షిస్తాడు. గాంధీకి తెలిసుండాల్సినవి, మున్నాకి తెలియనివి అడుగుతాడు. గాంధీ చెప్పలేకపోతారు. మున్నా చదివినంతే ఆ గాంధీకి తెలుసు. అంటే మున్నాకి మంచి చెప్పింది బయటి మహాత్ముడు కాదు, వాడి లోపలివాడే. దేవుడు దిగొచ్చి చెప్పాడంటే మనం దండం పెట్టి తప్పించుకోవచ్చు. మన బుర్రే చెబుతోందంటే తప్పించుకోవడం కష్టం.

ఇంత బరువైన మాట చెబుతూ కూడా ఈ సినిమా ఎక్కడా పాఠం చెప్పినట్టుండదు. ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమని విని, మున్నా వాచ్‌మన్‌కి రెండో చెంప చూపిస్తాడు. వాడు దాని మీదా కొడతాడు. మూడోసారి ఏం చేయాలో బాపూ చెప్పలేదని మున్నా వాణ్ణి ఒక్కటిస్తాడు. హాలంతా గొల్లుమంది. లంచం అడిగిన గుమాస్తా ముందు ఒక పెన్షన్ పెద్దాయన తన ఒంటి మీదివన్నీ ఒక్కొక్కటిగా విప్పి బల్ల మీద పెడతాడు. నవ్వుతాం. నవ్వుతూనే, మన నాన్న ఏ ఆఫీసు బల్ల ముందు ఎన్నిసార్లు నిలబడ్డాడో గుర్తొస్తుంది.

అయితే నన్ను పట్టుకున్న సన్నివేశాలు వేరే. కోపంలో సర్క్యూట్ మీద చెయ్యి చేసుకున్న మున్నా, వాడికి సారీ చెప్పాలి. ఊరందరినీ బెదిరించిన మనిషికి ఆ రెండక్షరాలు నోట్లోంచి రావు. నానా తంటాలు పడి చెబుతాడు. తర్వాత జాహ్నవికి తాను ప్రొఫెసర్ని కాదన్న నిజం ఒప్పుకుంటాడు. నిజం చెప్పగానే ఆమె మెచ్చుకుని ఉంటే అది మామూలు సినిమా అయ్యేది. ఆమె వెళ్ళిపోతుంది. నిజానికి ఖరీదుంటుందని ఇంత నవ్వించే సినిమా దాచకుండా చెప్పింది.

ఇప్పుడు స్కూలు సంగతికి వస్తాను.

మేం పదో తరగతిలో ఉండగా మన ల్యాబ్‌లో పనిచేసే గాల్వనోమీటర్ ఒక్కటే ఉండేది. బీరువా తాళం మా క్లాసు ల్యాబ్ లీడర్ దగ్గర ఉండేది. ఒక మధ్యాహ్నం వాడు మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు నేను దాన్ని తీసి, మధ్యలో రెసిస్టెన్స్ పెట్టకుండా నేరుగా బ్యాటరీకి కలిపాను. ముల్లు టక్కున అటు చివరికి కొట్టుకుని వంగిపోయింది. తుడిచి, యథాస్థానంలో పెట్టి, బయటికొచ్చేశాను. మర్నాడు మేష్టారు అడిగితే అందరితోపాటు నేనూ తల దించుకున్నాను. తాళం ఎవరిదో దెబ్బలూ వాడికే. వాడి చేతిలోంచి తాళం తీసేసుకున్నారు. ఆ ఏడాది మిగతా ప్రాక్టికల్స్‌లో వాడు వెనక బెంచీలోనే నిలబడ్డాడు. నేను ముందు నిలబడి మార్కులు తెచ్చుకుని, కరెంటు చదువే చదివి, కరెంటు మీదే బతికాను.

ఆ సినిమా చూసిన రాత్రి వాడికి ఫోన్ చేయాలనుకున్నాను. చేయలేదు. మున్నాకి సినిమాలో రెండున్నర గంటలు పట్టిన పనికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ సభకి పిలుపు వచ్చాకే చేశాను. ముందు కాసేపు పిల్లల గురించి, షుగర్ గురించి మాట్లాడుకున్నాం. తర్వాత చెప్పాను. వాడు తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. "దెబ్బలు ఎప్పుడో మర్చిపోయాన్రా. నేను కాదు సార్ అంటే మేష్టారు నమ్మలేదు చూడు, అది మర్చిపోలేదు. నాకు చెప్పి ఏం లాభం? ఆయనకి చెప్పు, అందరి ముందూ చెప్పు" అన్నాడు. తన పేరు మాత్రం మైకులో వద్దన్నాడు. మా బ్యాచ్ వాళ్ళకి ఎలాగూ తెలుసు. వాడు ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నాడు, అలవాటు ప్రకారం వెనక వరసలో.

మేష్టారు ముందు వరసలో ఉన్నారు.

మేష్టారూ, ఆ రోజు గాల్వనోమీటర్ పాడుచేసింది వాడు కాదండీ, నేను. వాడు మీకు నిజమే చెప్పాడు. నన్ను క్షమించమని అడగను. వాణ్ణి ఒక్కసారి దగ్గరికి పిలిచి, నమ్మానని చెప్పండి, చాలు.

ల్యాబ్‌కి కొత్త గాల్వనోమీటర్లు ఆరు తెచ్చాను, ఆఫీసు గదిలో ఉన్నాయి. వాటితో బాకీ తీరిందని అనుకోవడం లేదు. పిల్లలెవరైనా ఒకటి పాడుచేస్తే, ముందు వచ్చి చెప్పినవాణ్ణి కొట్టొద్దని మాత్రం ఇప్పటి సైన్సు టీచర్లకి నా మనవి.

కార్యదర్శి గారూ, మన స్కూలుకి సంబంధం ఇదేనండి. సెలవు.