స్కానింగు కాగితం మన చేతికి రావాలి
(తాండూరులో మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



స్కానింగు మిషనంటే మన సంఘాలకు మొదటినుంచీ కోపమే. కడుపులో ఉన్నది ఆడపిల్లని చెప్పి చంపించిన మిషను అది. మనవాళ్లు పోరాడితేనే 1994లో చట్టం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. ఇవాళ మాత్రం అదే మిషను గురించి ఇంకో మాట చెప్పటానికి వచ్చాను. అండాశయాల క్యాన్సర్ గురించి.

ఇక్కడే నాపరాళ్ల పాలిషింగు పనికి పోయే ఒకామె, యాభై దాటిన మనిషి, నాలుగు నెలలు కడుపుబ్బరమని తిరిగింది. రెండు ముద్దలు తింటే చాలు, కడుపు నిండిపోయేది. మాటిమాటికీ మూత్రం. "గ్యాసేనమ్మా" అని గోళీలిచ్చి పంపారు. నేనూ అట్లాగే అనుకున్నాను, ఆ సంగతి దాచను. చివరికి స్కానింగు తీస్తే పొట్టలో నీరు, రెండు పక్కలా గడ్డలు. హైదరాబాదు చేరేసరికి జబ్బు పొట్టంతా పాకింది.

ఆ నెలలోనే వికారాబాదు దగ్గరి పల్లెనుంచి ముప్పై రెండేళ్ల అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. "క్యాన్సరయితదంట అక్కా, గర్భసంచి, పక్కనున్నయి అన్నీ తీసెయ్యాల్నంటున్రు." కాగితంలో ఉన్నదేమో నాలుగు సెంటీమీటర్ల మామూలు నీటిబుడగ. నెలసరి వచ్చే వయసులో ఇట్లాంటివి సహజం, చాలావరకు వాటంతటవే పోతాయి. ఇంకో డాక్టరు సలహాతో మూడు నెలలాగి మళ్లీ తీయిస్తే లేదు! ఈమె తప్పించుకుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో నూటికి 3.2 మంది, తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9.

మిషను ముందుకు పోయిన మాట నిజమే. యోనిలోంచి ప్రోబు పెట్టి చేసే స్కానింగులో అండాశయం దగ్గరగా, స్పష్టంగా కనబడుతుంది. డాప్లరుతో గడ్డలో రక్తం ఎంత ఆడుతోందో తెలుస్తుంది. 1999లో యూరప్‌లో మొదలైన 'ఐయోటా' డాక్టర్ల బృందం స్కానింగులో చూసినదాన్ని ఆపరేషన్ తర్వాత తేలినదానితో పోల్చి, 2008లో సులువైన నియమాలు పెట్టింది. ఒకే గది ఉన్న బుడగ, రక్తం ఆడకపోవటం మంచి గుర్తులు. గట్టిగా, వంకరటింకరగా ఉన్న గడ్డ, పొట్టలో నీరు, బుడగ లోపల నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ మొలకలు, బాగా రక్తం ఆడటం అనుమానించాల్సినవి. ఈ నియమాలకు అందని గడ్డలూ ఉంటాయి. అప్పుడు అనుభవమున్నవాళ్లే చూడాలి.

"అయితే క్యాంపు పెట్టి అందరికీ తీయిద్దాం" అని మొన్న ఒక మిత్రురాలు అన్నది. వద్దనే నా అభిప్రాయం. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం ఫలితం 2021లో వచ్చింది. ఏ బాధా లేనివాళ్లకు ఏటేటా స్కానింగు చేసినా, రక్తపరీక్ష చేసినా ఈ క్యాన్సర్ చావులు తగ్గలేదు. 2011లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, లేని క్యాన్సర్‌ను అనుమానించి 1,080 మందికి ఆపరేషన్ చేశారు. వాళ్లలో 163 మందికి తీవ్రమైన ఇబ్బందులొచ్చాయి. గర్భసంచి తీయటం వ్యాపారమైన మన దగ్గర క్యాంపు పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి బాధ ఉన్న మనిషిని పట్టుకుందాం. కడుపుబ్బరం, తొందరగా కడుపు నిండటం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం కొత్తగా మొదలై వారాల తరబడి వదలకపోతే, ముఖ్యంగా యాభై దాటినవాళ్లకు, గోళీలతో ఊరుకోకుండా స్కానింగు అడగాలి. తల్లికో అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

లోపలినుంచి చేసే స్కానింగు ఏమిటో ముందుగా వివరించి ఒప్పుకోలు తీసుకోవాలి. తెర ఉండాలి, పక్కన ఆడమనిషి ఉండాలి. వద్దంటే పొట్టమీదనుంచి చెయ్యమనొచ్చు. కాగితం, ఫిల్ము అడిగి తీసుకోండి. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. అనవసరంగా గర్భసంచులు తీయటంపై కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మన జిల్లాలో ఏం చేశారో సంఘం తరఫున రాసి అడుగుదాం.

పేర్లు కొట్టేసి కొన్ని స్కానింగు కాగితాలు తెచ్చాను. భోజనాలయ్యాక కూర్చుని అవి చదవటం నేర్చుకుందాం.