ఊరి వెలుపలి ఇండ్లు: ఆగుటయు, ఆలోచించుటయు

గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదును విడిచి పోలేడని పాతవారి మాట. నేడు నగరమున నల్లా విప్పినచో వచ్చునది చాలవరకు కృష్ణ నీరు, గోదావరి నీరు. అయినను ఆ మాట మాత్రము నిలిచియున్నది. గండిపేట చెరువు, దానికి తోడైన హిమాయత్ సాగరము, ఈ రెంటి చుట్టునుగల భూములలో ఇండ్లు కట్టవచ్చునా, కట్టరాదా, లేక కొంతకాలము ఆపి, ఆలోచించి, పిదప కట్టవలెనా అను వాదము చాలకాలముగా వినవచ్చుచున్నది. ఈ పూట శ్రోతలతో మేము ముచ్చటింపదలచినది దానిని గూర్చియే.

మొదట ఆ చెరువులు ఎందుకు పుట్టినవో జ్ఞప్తికి తెచ్చుకొందము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. వేలకొలది జనులు మరణించిరి. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగిరి. నగరమునకు ఎగువన జలాశయములు కట్టి, వరదను అచ్చటనే నిలుపవలెనని వారు చెప్పిరి. ఆ ప్రకారము మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను సిద్ధమయ్యెను. ఉస్మాన్ సాగరమునకే గండిపేట యని వాడుక. త్రాగునీటి మాట ఎట్లున్నను, ఈ చెరువుల పుట్టుకకు మూలము వరద. వాదమున దిగినవారిలో పలువురు ఈ సంగతిని మరచుచుందురు.

నగరము పడమటికి ప్రాకజొచ్చిన పిదప, 1996 మార్చి 8వ తేదీన అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ నంబరు ఉత్తర్వును వెలువరించెను. చెరువులు నిండినప్పటి నీటి అంచు నుండి 10 కిలోమీటర్ల వరకు, 84 గ్రామములలో, కాలుష్యము కలిగించు కర్మాగారములు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదనెను. తరువాత ప్రభుత్వమే ఒక నూనె కర్మాగారమునకు మినహాయింపు నీయగా, 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు చెల్లదని తీర్పు చెప్పెను.

కర్మాగారమన్న సరే, ఇండ్లు చెరువునకు ఏమి కీడు చేయునని అడుగువారు కలరు. నేల మెత్తగానున్నంత కాలము వాననీరు దానిలో ఇంకి, ఊటయై మెల్లగా వాగులలోనికి దిగి, వాన వెలిసిన చాల దినములకును చెరువును చేరుచుండును. అదే నేలపై ఇంటికప్పులు, సిమెంటు ముంగిళ్లు, తారు రోడ్లు పరచినచో ఆ నీరంతయు గంటలలో ఉరికి వచ్చును. వెంట మట్టిని, మురికిని ఈడ్చుకొని వచ్చును. వేసవిలో ఊట యుండదు. మురుగునీటిలోని భాస్వరము నాచును, గుర్రపుడెక్కను పెంచును. వాగునకు అడ్డముగా ఒక ప్రహరీ గోడ లేచిన చాలును, నీరు దారి తప్పును. ఒక్క ఇల్లు చెరువును చెరుపదు, వేలకొలది ఇండ్లు చెరుపును. అనుమతి మాత్రము ఒక్కొక్క ఇంటికే అడుగుదురు, ఒక్కొక్క ఇంటిని చూచియే ఇత్తురు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఇక రెండవ పక్షము. ఆ గ్రామములవారి మాటను మేము తేలికగా త్రోసివేయజాలము. హద్దుకు ఆవల ఎకరము ధర ఎన్నో రెట్లు పెరుగగా, ఈవల వారి భూమి అట్లే పడియుండెను. పిల్ల పెండ్లికి అర ఎకరము అమ్ముకొందమన్నను తగిన వెల పలుకదాయెను. పట్నమువారికి నీరు కావలెను, వరద రాకూడదు, సరే. ఆ భారమంతయు మేమే మోయవలెనా అని వారడిగిరి. పైగా వారి కన్నుల ఎదుటనే కలవారి తోట బంగళాలు, ఫంక్షన్ హాళ్లు, ఇంజనీరింగు కళాశాలలు లేచినవి. పేదవాని పై అంతస్తునకు అడ్డుతగిలి, ధనికుని ఈతకొలనును చూడని ఉత్తర్వుపై ఎవరికి గౌరవముండును? చెరువుల పక్షమువారు ఈ ప్రశ్న వచ్చినప్పుడు తరచు మాట మార్చుదురు. అది మాకు నచ్చలేదు.

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వము 69వ నంబరు ఉత్తర్వుతో ఆ ఆంక్షలను తొలగించెను. నగరమునకు అందు నీటిలో ఈ చెరువుల వంతు నూటికి 1.25 కంటె తక్కువ యని కారణము చూపెను. నీటి నాణ్యత చెడరాదని షరతు పెట్టి, విధివిధానములను నిర్ణయించుటకు ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 2023 మే నెలలో మంత్రివర్గము 111ని పూర్తిగా రద్దు చేయ నిశ్చయించెను. త్రాగునీటి వంతు తగ్గిన మాట కాదనము. వరద మాటయో? 2020 అక్టోబరు వానలకు హిమాయత్ సాగరము తలుపులు ఎత్తవలసి వచ్చెను. అంతకంటె మాకు మింగుడుపడని దొకటి కలదు. ముందు ఆంక్ష తీసివేసి, ఏ చోట ఏమి కట్టవలెనో తరువాత నిర్ణయింపబూనుట!

అమెరికాలో ఇట్టి చిక్కే వచ్చినప్పుడు పని వేరొక వరుసలో జరిగినది. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రముల సరిహద్దున టాహో అను సరస్సు కలదు. దాని నీటి నిర్మలత లోకప్రసిద్ధము. చుట్టును ఇండ్లు పెరిగినకొలది ఆ నీరు మసకబారజొచ్చెను. అచటి ప్రణాళికా సంస్థ 1981 ఆగస్టు నుండి 1984 ఏప్రిల్ వరకు, 32 నెలలపాటు, కొత్త కట్టడములను చాల భాగమున నిలిపివేసి, ఆ వ్యవధిలో ప్రాంతమంతటికి ఒక ప్రణాళికను సిద్ధపరచెను. ముందే స్థలములు కొనియుంచుకొన్న సుమారు 400 మంది దావాలో చేరిరి. ఆలోచించుటకై కొంతకాలము ఆపినంతమాత్రమున భూమిని లాగుకొన్నట్లు కాదని 2002 ఏప్రిల్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆరుగురు న్యాయమూర్తులు అటు, ముగ్గురు ఇటు. ఏడాది దాటిన నిలుపుదలను విశేష సంశయముతో చూడవలసియుండవచ్చునని ఆ తీర్పులోనే ఒక హెచ్చరికయు కలదు. అచ్చటను అంతయు సవ్యముగా జరుగలేదు. 1984 నాటి ప్రణాళికపై మరల వ్యాజ్యము రేగి, 1987 వరకు పలువురికి ఇల్లు కట్టు యోగము పట్టలేదు. వారి కడుపుమంట అకారణమని మేమనలేము.

32 నెలలకే అచట అంత రగడ. మన 111వ ఉత్తర్వు 26 ఏండ్లు నడిచినది, దానికి గడువు లేదు. రేడియోలో గడియారము చూచుచు మాటలాడుట మాకు అలవాటగుటచేత కాబోలు, గడువు లేని పని యనగా మాకు బెదురు. మరల కొంతకాలము ఆపుదమను వారితో మేము ఏకీభవింతుము. అయితే తేదీ వేసి ఆపవలెను. ఆ లోపల ప్రతి వాగును, ప్రతి కాలువను సర్వే నంబర్లతో పటమున గుర్తింపవలెను. ఏ వాలున ఎన్ని ఇండ్లు నిలుచునో, వాటి మురుగు ఎటు పోవునో తేల్చవలెను. కట్టరాదని తేలిన భూమిగల రైతునకు నగరము ఏమి చెల్లించునో రూపాయలలో చెప్పవలెను. టాహోలో కట్టరాని స్థలమువాడు తన హక్కును వేరొక చోట కట్టుకొనువానికి అమ్ముకొనునట్టి ఏర్పాటు చేసిరి. అట్టిది ఇచ్చటను ఆలోచింపదగును.

దీనికి 32 నెలలు చాలునా యని సందేహము రావచ్చును. ఎప్పుడు మొదలిడినను అంతలో రెండు నిండు వానకాలములు వచ్చితీరును. గొలుసు పట్టి, కొలబద్ద పాతి, ఏ వాగు ఎంత నీరు తెచ్చుచున్నదో రెండు వానకాలములు చూచి వ్రాసికొనవచ్చును.