మరపడవ యింజను – మన చేతిపని యెంత, మేస్త్రీ పని యెంత

ఏటేట ఏప్రిలు 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు మన కోస్తా రేవులలో మరపడవలు వేటకు పోవు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని 61 దినములు నిషేధము. కాకినాడకు పోయినను, విశాఖపట్టణమునకు పోయినను, నిజాంపట్నమునకు పోయినను ఆ రోజులలో ఇంజను విప్పిన పడవలే కనబడును. యజమానికి రాబడి లేదు. మరమ్మతు షెడ్డు మేస్త్రీకి తీరిక లేదు. అప్పుడే పుట్టును ఈ ప్రశ్న: చిల్లర పనులు మనమే చేసికొందుమా, డబ్బిచ్చి చేయింతుమా?

మొదట లెక్క చూతము. ఇంజను ఆయిలు, ఫిల్టరు ఎవరు మార్చినను వాని వెల యొక్కటే. షెడ్డువారికి మన మధికముగా ఇచ్చునది కూలి. అంతకంటె ఎక్కువ ఖరీదైనది కాలము. వేట సాగునపుడు మేస్త్రీ కొరకు ఒక దినము రేవులో నిలిచిన పడవకు ఆనాటి చేపలు లేవు. ముందుగా కొన్న మంచు కరగి పోవును. కళాసులకు బత్తెము మాత్రము తప్పదు.

అయినను ఇది కూలి డబ్బులతో తేలిపోవు సంగతి కాదు. ఒడ్డుకు పదిమైళ్ల దూరమున ఇంజను ఆగినచో అచ్చటికి మేస్త్రీ రాడు. నేడు చాల మరపడవలకు తెరచాప యుండదు. రేడియోలో వాయుగుండము వార్త విని వెనుకకు తిరుగవలసిన ఘడియలో ఇంజను అందుకొనకున్న, పడవలోని వారి ప్రాణములు సరంగుకు తెలిసిన పనిని బట్టి యుండును.

డీజిలు ఇంజను ఆగిపోవుటకు తరచుగా కారణము ఇంధనమే. తొట్టి అడుగున నీరు చేరును, మురికి చేరును, ఫిల్టరు మూసుకొనిపోవును, లేదా నూనె అయిపోయి గొట్టములలోనికి గాలి చొరబడును. అట్లు చొరబడిన గాలిని తీయుట కష్టము కాదు. ఫిల్టరు మీది చిన్న మరను కొంచెము వదలు చేసి, చేతి పంపును ఆడించుచుండవలెను. మొదట నురుగు వచ్చును, తరువాత బుడగలు, పిదప తేటయైన నూనె ధార. అప్పుడు మరను బిగింపవలెను. రేవులో పట్టపగలు పదిసార్లు చేసి చూచినవాడే నడిసంద్రమున చీకటిలో చేయగలడు. ఈ యొక్క పనికి ప్రతిసారి మేస్త్రీని పిలుచు యజమాని డబ్బు నష్టపోవుట యటుండనిండు, తన సరంగునకు విద్య రాకుండ చేయుచున్నాడు.

రెండవది, ఇంజనును చల్లబరచు ఉప్పునీటి పంపు. దీనిలోపల రబ్బరు రెక్కల చక్ర మొకటి కలదు. నీరందక ఒట్టిగా తిరిగినచో కొద్దిసేపటిలోనే రెక్కలు చెడిపోవును. క్రొత్తది వేయుటకు ఒక పానా, కొంత ఓపిక చాలును. కాని పాతదాని రెక్కలు లెక్క పెట్టవలెను. ఒకటి తక్కువయైన, ఆ ముక్క ముందున్న సన్నని గొట్టములలో చిక్కుకొని యుండును; అది దొరకువరకు పని ముగిసినట్లు కాదు. తొందరపడు పనివాడు దీనిని చూడడు. తన పడవ గనుక యజమాని చూచును. పంపు పనిచేయుచున్నదో లేదో పడవ ప్రక్కనుండి పడు నీటిధారయే చెప్పును.

తుత్తునాగపు దిమ్మెల మాట క్లుప్తముగా చెప్పెదను. ఉప్పునీటిలో ఇతర లోహములకు బదులు తాము కరగుటకే వానిని అమర్చుదురు. సగము కరగగానే మార్చవలెను. వానికి రంగు పూయరాదు. పూసినచో అవి పని చేయవు. ఇక ఆయిలు పుల్లను రోజూ తీసి చూచుట పసివాడికైన నేర్పవచ్చును. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లబడుట సహజమే. పాలు కలిపిన కాఫీ వలె తెల్లబారినచో లోపల నీరు చేరినదని గుర్తు, ఇంజనును నడుపరాదు. తీసిన పాత ఆయిలును రేవునీటిలో పారబోయు వాడుక మాత్రము మానవలెను. మనము వలవేయు నీరే గదా!

అన్నియు మనమే చేయుదుమనుటయు పొదుపు కాదు. నూనె చిమ్ము నాజిళ్లు వాతావరణ పీడనమునకు వందల రెట్లు అధికమైన ఒత్తిడితో పనిచేయును. ఆ ధార తగిలినచో చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. చూచుటకు చిన్న గాటే, కాని వెంటనే ఆసుపత్రికి పోవలసిన గాయము. నాజిళ్ల పరీక్ష, ఇంధన పంపు సర్దుబాటు, గేరు పెట్టె, సిలిండరు మూత బిగింపు – ఇవి తగిన పనిముట్లు గలవారికే వదలవలెను. మూత బోల్టులను వరుస తప్పి బిగించి, మూత వంగిన పిదప షెడ్డుకు పరుగెత్తువాడు కూలి రెండింతలు ఇచ్చుకొనును.

షెడ్డుకు ఇచ్చినపుడైనను దగ్గర నిలిచి చూచుట మంచిది. తీసివేసిన పాత భాగములను అడిగి తీసికొనుడు. క్రొత్త ఇంజనుకు గ్యారంటీ కాలము గడువకున్న, ఏ పనిని మనము చేసికొనవచ్చునో కంపెనీ పుస్తకములో ముందుగా చూడుడు; కొన్న ఆయిలు, ఫిల్టర్ల రసీదులు దాచుడు. ఇంజను ఎన్ని గంటలు నడిచెనో, ఏనాడు ఏమి మార్చితిమో ఒక నోటుపుస్తకములో వ్రాసినచో మేస్త్రీకి సగము శ్రమ తప్పును.

నిషేధము మొదలైన వారముననే షెడ్డులో వంతు చెప్పుకొనుడు. జూన్‌లో అందరును ఒక్కసారి వత్తురు. పని ముగిసిన పిదప, వేటకు బయలుదేరక ముందే, రేవుకు దగ్గరలో ఒక గంట నడిపి, ఎచ్చటనైన నూనె గాని నీరు గాని కారుచున్నదేమో చేతిదీపముతో చూడుడు.