చదువుకొను బిడ్డలకు అండ: పంచాయతీ సభ్యుల కర్తవ్యము



మన గ్రామముల నుండి నేడు ఆడబిడ్డలు పెక్కుమంది కళాశాలలకు పోవుచున్నారు. కొందరు తెల్లవారగనే బస్సెక్కి పట్టణమునకు పోయి, ప్రొద్దుగ్రుంకిన పిదప ఇల్లు చేరుచున్నారు. కొందరు హాస్టళ్లలో నుండి చదువుకొనుచున్నారు. ఒకనాడు అయిదవ తరగతితో ఆగిన చదువు నేడు డిగ్రీ వరకు, నర్సింగు వరకు, ఇంజనీరింగు వరకు సాగుచున్నది. ఇది మనకందరకును గర్వకారణము. కాని ఇంటి గడప దాటినది మొదలు తిరిగి వచ్చువరకు ఆ బిడ్డ కెదురగు కష్టములను గురించి మన సభలలో ఎవరును మాటలాడుట లేదు. రోడ్లను గురించియు, మంచినీటిని గురించియు గంటలకొలది చర్చించు మనము, లైంగిక హింస ప్రసక్తి రాగానే తలవంచుకొనుచున్నాము. నేడు దానిని గురించియే నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

లైంగిక హింస యనగా బలాత్కారము మాత్రమే కాదు. బస్సులో కావలెనని మీదపడుట, వద్దన్నను వెంటపడుట, ఫోనులో అసభ్య సందేశములు పంపుట, స్నానము చేయుచుండగా దొంగచాటుగా ఫోటోలు తీయుట, వాటిని చూపి బెదిరించుట, మార్కుల ఆశ చూపి చదువు చెప్పువాడే లొంగదీయ జూచుట ఇవన్నియు ఆ కోవలోనివే. వెంటపడుటయు, దొంగచాటుగా ఫోటోలు తీయుటయు 2013లో ప్రత్యేక నేరములైనవి. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 77, 78 సెక్షన్లు వీటికే కలవు. కనుక “కుర్రతనము, ఏదో సరదాకు చేసినాడు” అని పెద్దలు తేల్చివేయుటకు వీలులేదు. అత్యాచార కేసులలో అత్యధిక భాగము నిందితుడు తెలిసినవాడేయని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటేటా తెలుపుచున్నవి. చీకటి సందులో పొంచియున్న అపరిచితుని గురించి మాత్రమే బిడ్డలను హెచ్చరించిన చాలదు.

బిడ్డ ఎందుకు చెప్పదు?

ఇట్టిది జరిగినపుడు ఆ బిడ్డ ఇంటిలో చెప్పుటకు ఎందుకు జంకుచున్నది? చెప్పినచో ఏమగునో ఆమెకు తెలియును. “ఇక కళాశాలకు పోనక్కరలేదు” అని తండ్రి అనును. నెల తిరుగకుండ పెండ్లి సంబంధములు చూతురు. తప్పు చేసినవాడు మరునాడు మామూలుగా తరగతికి పోవును. ఏ తప్పు చేయని బిడ్డ పుస్తకములు అటక మీదికి చేరును. ఈ సంగతి ఆ దుర్మార్గునకును తెలియును. “చెప్పినచో నీ చదువే ఆగిపోవును” అని వాడు బెదిరించుచున్నాడు. మన భయమే వాని చేతిలో ఆయుధమగుచున్నది.

కాబట్టి ప్రతి ఇంటిలో తల్లిదండ్రులు ముందుగానే ఈయవలసిన మాట ఒకటి కలదు: “నీకు ఏ కష్టము వచ్చినను మాతో చెప్పుము. నీ చదువు మానిపింపము. తప్పు నీది కాదు.” ఈ మూడు వాక్యములు పలుకుటకు కానీ ఖర్చు లేదు. ఇవి విన్న బిడ్డ నోరు విప్పగలదు.

రాజీ వలన కలుగు కీడు

ఇక పంచాయతీ పెద్దలకు సూటిగా సంబంధించిన సంగతి. 1984లో పంజాబులో పదవ తరగతి పరీక్షలు వ్రాయుచున్న ఒక బాలికను, పరీక్ష నుండి తిరిగి వచ్చుచుండగా ముగ్గురు కారులో ఎత్తుకొనిపోయి అత్యాచారము చేసినారు. మరునాటి ఉదయము విడిచిపెట్టగా, ఆ బాలిక ఆనాటి పరీక్ష కూడ వ్రాసి ఇంటికి వచ్చి తల్లికి జరిగినదంతయు చెప్పినది. తండ్రి సర్పంచికి చెప్పుకొన్నాడు. పంచాయతీ కూడినది. రాజీ కొరకు ప్రయత్నము జరిగినది. అది ఫలింపకపోగా, అటుపిమ్మటనే వారు పోలీసుల కడకు పోయినారు. విచారణ జరిపిన న్యాయస్థానము 1985లో ఫిర్యాదు ఆలస్యమైనదనుట మొదలగు కారణములు చూపి ముగ్గురిని విడిచిపెట్టినది. 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి వారికి శిక్ష విధించినది. ఇట్టి నేరములలో కుటుంబము ముందు వెనుక లాడుట సహజమనియు, అంతమాత్రమున బాధితురాలి మాటను నమ్మకుండరాదనియు చెప్పినది. న్యాయము దొరకినది, కాని దానికి పన్నెండేండ్లు పట్టినది. రాజీ యత్నములో గడచిన దినములే నిందితుల పక్షమున వాదమైనవని మనము గుర్తింపవలెను.

2015లో సుప్రీంకోర్టు మరియొక తీర్పులో, అత్యాచారముగాని, అత్యాచార యత్నముగాని జరిగినపుడు రాజీకి తావే లేదని స్పష్టపరచినది. గట్టు తగాదాలను, పశువుల మేత తగాదాలను రచ్చబండ కడ తీర్చుట మంచిదే. దీనిని మాత్రము అక్కడ తీర్చరాదు. ఇంత సొమ్మని జరిమానా వేయుటయు, చేసినవానికే ఇచ్చి పెండ్లి చేయుదమనుటయు న్యాయము కాదు. అది నేరమును కప్పిపుచ్చుట.

ఇంటర్మీడియటు చదువు బిడ్డలలో ఎక్కువమంది పదునెనిమిదేండ్లు నిండనివారు. వారికి 2012 నాటి పోక్సో చట్టము వర్తించును. అందులో బాలురకు కూడ రక్షణ కలదు. ఈ చట్టము ప్రకారము నేరము సంగతి తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను. తెలుపనివారికి ఆరు నెలల వరకు జైలుగాని, జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. రాజీకి కూర్చున్న పెద్దమనిషి తానే దోషి కాగలడు.

చట్టము చూపిన త్రోవ

అయితే ఏమి చేయవలెను? మొదట బిడ్డను ఆసుపత్రికి చేర్చవలెను. ప్రభుత్వ ఆసుపత్రియైనను, ప్రైవేటు ఆసుపత్రియైనను సరే, ప్రథమ చికిత్సయు, వైద్యమును ఉచితముగా చేయవలసినదే. ఆనాడు కట్టుకొన్న బట్టలను ఉతుకక, ఆరనిచ్చి కాగితపు సంచిలో భద్రపరుపవలెను. ఫోనులోని సందేశములను తుడిచివేయరాదు. ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు తీసికొనవలెను. “ఇది మా సరిహద్దు కాదు” అని త్రిప్పిపంపరాదు. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. బాధితురాలి వాఙ్మూలమును మహిళా అధికారి, ఆ బిడ్డ ఇంటివద్దగాని, ఆమె కోరిన చోటగాని వ్రాసికొనవలెను. జిల్లాలలో “సఖి” కేంద్రములు కలవు. వైద్యము, పోలీసు సహాయము, న్యాయ సలహా, తాత్కాలిక వసతి అక్కడ ఒకేచోట లభించును. స్త్రీలకు 181, బాలబాలికలకు 1098, అత్యవసర సమయమున 112, ఫోను ద్వారా జరిగిన మోసములకు 1930 నంబర్లు కలవు.

కళాశాలలోనే వేధింపు జరిగినపుడు ఇంకొక మార్గమును కలదు. యు.జి.సి. నియమావళి ప్రకారము ప్రతి ఉన్నత విద్యాసంస్థలోను అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండవలెను. దానికి ఒక సీనియర్ అధ్యాపకురాలు అధ్యక్షత వహించును. సభ్యులలో కనీసము సగము మంది స్త్రీలుండవలెను. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదులలో విద్యార్థి ప్రతినిధులు కూడ కూర్చుందురు. జరిగిన మూడు నెలలలోపల ఫిర్యాదు ఈయవలెను. తగిన కారణమున్నచో మరి మూడు నెలల గడువు ఈయవచ్చును. విచారణ తొంబది దినములలో ముగియవలెను. ఈ కమిటీకి ఫిర్యాదు చేసినను పోలీసుల కడకు పోవు హక్కు పోదు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, మన ఊరి బిడ్డలు చదువు కళాశాలలకు సర్పంచియు, ఇద్దరు సభ్యులును పోయి, “మీ ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు? వారి పేర్లు గోడమీద వ్రాయించినారా?” అని ప్రిన్సిపాలును అడుగవలెను. ఊరి పెద్దలు వచ్చి అడిగినారన్న మాటయే కొంత భద్రత కలిగించును.

రెండవది, బస్సు ఆగు చోటు నుండి ఊరి వరకు గల త్రోవలో వీధి దీపములు వెలుగుచున్నవో లేదో చూడవలెను. సాయంకాలపు బస్సు వేళకు రాకున్నచో డిపో మేనేజరుకు తీర్మానము పంపవలెను.

మూడవది, పై నంబర్లను పంచాయతీ కార్యాలయము గోడపైనను, అంగన్‌వాడీ కేంద్రమునందును పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

నాలుగవది, బాధితురాలి పేరు ఎవరి నోటను రానీయరాదు. ఆమె ఎవరో తెలియునట్లు ప్రచురించుటకు రెండేండ్ల వరకు జైలు కలదు. వాట్సాపు గుంపులలో పేరుగాని, ఫోటోగాని తిరుగకుండ సభ్యులే చూడవలెను.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మగపిల్లలతో మాటలాడుట. ఆడపిల్లకు జాగ్రత్తలు చెప్పుటలో మనము అలసిపోయినాము. మగపిల్లవానికి ఒక్కమాట చెప్పలేదు. “ఆమె వద్దన్నచో వద్దనియే అర్థము, నీ స్నేహితుడు హద్దు మీరినచో ఆపవలసినవాడవు నీవే” అని యువజన సంఘములలో, క్రీడా మైదానములలో చెప్పవలెను.

మన రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడియున్నవి. తల్లికి చెప్పలేని మాటను ఒక బిడ్డ వార్డు సభ్యురాలికి చెప్పుకొనవచ్చును. ఆ సమయమున ఆమె పలుకు మొదటి మాటయే ఆ బిడ్డ భవిష్యత్తును నిర్ణయించును. “ఎందుకు పోయినావు?” అని అడుగక, “పదవమ్మా, నేను నీ వెంట వత్తును” అనవలెను.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చనీయాంశముగా చేర్చవలసినదిగా కోరుచున్నాము. వేధింపునకు వెరచి ఏ ఆడబిడ్డయు చదువు మానకుండ చూచుట మన పంచాయతీల బాధ్యతయని ఆనాడు అందరమును కలిసి తీర్మానించుదము.