కెర్నెల్ స్టాకు కొలత



మహాభారతమున కథలో ఉపకథ పుట్టుట మీరెరిగినదే. ధర్మరాజు వనవాసకథ నడుమ బృహదశ్వమహర్షి నలోపాఖ్యానము నెత్తుకొనును. అది ముగిసినంతనే విడిచిన చోటికి మరలవలెను. ఆ చోటు పౌరాణికుని జ్ఞాపకమున నిలువనిచో పురాణము దారి తప్పును. కంప్యూటరును నడుపు వ్యవస్థకును ఇట్టి జ్ఞాపకమే కావలెను. అందుల కేర్పడిన చోటు మిక్కిలి స్వల్పము. దానిని కొలుచు విధమును నేడు విన్నవించెదను.

కంప్యూటరున తక్కిన ప్రోగ్రాములన్నిటికి ఆధారమై, వానికి జ్ఞాపకస్థలమును, కాలమును పంచిపెట్టు మూలభాగమునకు కెర్నెలని పేరు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సు కెర్నెలే నేడు మన గ్రామములందలి ఆండ్రాయిడ్ సెల్‌ఫోనులలోను పనిచేయుచున్నది. అది కూలినచో పైనున్న పనులన్నియు ఒక్కమారే నిలిచిపోవును.

కెర్నెలు ఫంక్షనులను చిన్న భాగములుగా వ్రాయబడును. ఒక ఫంక్షను మరియొకదానిని పిలుచునపుడు, మరల రావలసిన చోటును, తన తాత్కాలికపు లెక్కలును ఒక స్థలమున నిలుపుకొనును. ఇవి ఒకదానిపై నొకటి పేర్చబడుటచే ఆ స్థలమును స్టాకందురు. పని ముగిసిన ఫంక్షను తన భాగమును ఖాళీ చేయును.

ఇంటెల్ పద్ధతి 64 బిట్ల యంత్రములపై లినక్సున ఒక్కొక్క పనికి దొరకు కెర్నెల్ స్టాకు 2014 వరకు 8 కిలోబైట్లు. ఆ యేట 16 కిలోబైట్లు, అనగా 16,384 బైట్లు, అయ్యెను. ఆంగ్లాక్షర మొక్కటికి బైటొకటి చొప్పున ఇది సుమారు ఎనిమిది పుటల వ్రాత. పూర్వము హద్దు దాటిన వ్రాత పొరుగు సమాచారముమీద పడి దానిని చెరిపెడిది. తప్పొకచోట, దాని ఫలము వేరొకచోట. 2016లో వెలువడిన 4.9వ కూర్పు మొదలుకొని హద్దున కాపలాపుట నుంచు నేర్పాటు కలిగినది. అది అతిక్రమణమును పట్టుకొనునే గాని చోటును పెంచదు. కావున ముందుగా కొలుచుకొనవలెను.

కొలుచు మార్గములు రెండు. మొదటిది ప్రోగ్రామును నడుపకయే కొలుచుట. జీసీసీ యను కంపైలరు ప్రతి ఫంక్షనునకును కావలసిన బైట్లను పట్టీ వ్రాసి యిచ్చును. కెర్నెలుతో వచ్చు చెక్‌స్టాక్ అను ఉపకరణము సిద్ధమైన యంత్రభాషను చదివి, ఎక్కువ వాడు ఫంక్షనులను వరుసగా చూపును. 64 బిట్ల యంత్రములకు సాధారణముగా 2,048 బైట్లు మించిన ఫంక్షనుపై కంపైలరు హెచ్చరించును.

రెండవది నడిపి కొలుచుట. స్టాకును ముందుగా సున్నలతో నింపి, పని జరిగిన పిదప ఎన్ని సున్నలు చెదరక మిగిలెనో చూతురు. వరద తీసిన పిదప గోడమీది మరకను చూచి నీరెంత యెక్కెనో చెప్పుట వంటిదిది.

ఈ రెంటిలో నేదియు ఒంటరిగా చాలదు. 1,500 బైట్ల ఫంక్షనులు పదునొకండు ఒకదాని నొకటి పిలుచుకొన్నచో మొత్తము 16,500 బైట్లు. వానిలో నొక్కటియు హద్దు మీరలేదు; అయినను స్టాకు పొంగిపోయినది! 2014లో చోటు పెంచుటకు కారణమును ఇట్టిదే. జ్ఞాపకము కొరతపడిన వేళ, అంత పెద్దవి కాని ఫంక్షనులే అనేకములు గొలుసుకట్టుగా కూడి 8 కిలోబైట్లను నింపివైచెను. మరియు ఎవరిని పిలువవలెనో నడచునపుడే తేలు పిలుపులు కొన్ని గలవు. వాని గొలుసును ముందుగా లెక్కించుట కష్టము. ఇక మరక యన్ననో, ఆనాడు వచ్చిన వరదనే చెప్పును. రేపటి వరద మాట దానికి తెలియదు.

కొలతకు లొంగని వ్రాతను మానుటయు నొక యుపాయమే. పరిమాణము నడచునపుడు మాత్రమే నిర్ణయమగు పట్టికలను స్టాకుపై నుంచు నాచారమును 2018 నాటికి లినక్సు కెర్నెలునుండి తొలగించిరి. పెద్ద పట్టికలను స్టాకున గాక వేరు స్థలమున నుంతురు.

పదుగురు కాపులు ఒక్క కాలువనుండి నీరు పెట్టుకొనునపుడు ప్రతివాడును తన వంతే తీసికొనెనని చెప్పినంత మాత్రమున చివరి పొలము తడిసినట్లు కాదు. ఒక్కొక్కరి వాడుకను, అందరి మొత్తమును కూడ కొలిచినప్పుడే లెక్క తేలును. కెర్నెలునందును ఇదియే న్యాయము.